పుట్టమన్ను మడి

రేవతి కార్తె, మూడో నాడు

ఇవాళ నా తలపాగాను పాతిపెట్టాం. తల ఇంకా నా దగ్గరే ఉంది.

చదివేవాళ్ళు కంగారు పడనక్కర్లేదు. ఇది మట్టి పరీక్ష. జానెడు లోతు గుంట తీసి, నూలుగుడ్డ పరిచి, మన్ను కప్పి, నెల పోయాక తవ్వి చూడాలి. గుడ్డ చివికిపోతే నేలలో ప్రాణం ఉన్నట్టు. వేసిన గుడ్డ వేసినట్టే వస్తే నేల చచ్చినట్టు. యంత్రంతో చేసే పరీక్షా ఉంది. నిల్వశాఖ నుంచి ఇషాని మేడం వచ్చి అది చేసిపోయింది. సున్నమెంత, ఉప్పెంత అని అది గడగడా చెప్పింది గాని, ఈ మన్ను బతికుందా అంటే మాత్రం నీళ్ళు నమిలింది. అందుకని గుడ్డ.

నూలుగుడ్డ దొరకడమే గగనమైంది. ఇప్పుడు ఒంటిమీద గుడ్డా, కంచంలో ముద్దా రెండూ కర్మాగారాల్లో పులియబెట్టే పీపాల్లోంచే వస్తున్నాయి. ఆ గుడ్డను పాతితే మట్టి చస్తుందేమో గాని గుడ్డ చావదు. నా తలపాగా బోరుబండి రోజుల నాటిది. ఏడు తాలూకాల్లో భూమికి బొక్కలు పెట్టినవాణ్ణి నేను. పాతాళం దాకా ఏ పొర ఎక్కడ తగులుతుందో చెప్పేవాణ్ణి. పైనున్న జానెడు మన్ను మాత్రం నాకు బూట్లకి అంటుకునే బురద, అంతే.

"తల గూడా పాతుదాం అన్నా, ఏది ముందు చివుకుతాదో తెలుస్తాది" అంది మాబున్ని.

మాబున్ని ఈ తిప్పకి కాపలామనిషి. నన్ను ఆమెకి సాయంగా వేశారో, ఆమెను నాకు సాయంగా వేశారో ఇంకా తేలలేదు. ఇద్దరం కలిసి కాపలా కాసేది ఒకే ఒక పక్షిని. బట్టమేక పక్షి. మేకపిల్లంత ఎత్తు, పొడుగు మెడ. పెళ్ళికి ఆలస్యంగా వచ్చిన పెద్దింటి మనిషిలా ఎవరి మొహమూ చూడకుండా నడుస్తుంది. మాబున్ని దాన్ని పెద్దమ్మి అంటుంది. మన దిక్కున ఇదే చివరిది. పడమట ఎక్కడో కంచె లోపల ఒక మగపక్షి ఉందట. నడుమ ఉన్నదంతా పలకలే, ఎండను పట్టే నల్ల పలకలు. చూపు ఆనినంత దూరం వాటి కింద గడ్డి మొలవకుండా ఏటా బండ్లు వచ్చి మాపుమందు కొట్టిపోతాయి. ఈ తిప్ప రాళ్ళు ఎక్కలేక బండ్లు దీన్ని వదిలేశాయి. అలా మిగిలిపోయినవి గుప్పెడు గడ్డి, ఒక చెదపుట్ట, ఒక పక్షి. మమ్మల్ని కూడా కలుపుకుంటే ఇద్దరు ముసలివాళ్ళు.

తిప్ప మీది తిండి పెద్దమ్మికి చాలడం లేదు. రొమ్ము ఎముక బయటపడుతోంది. శాఖవాళ్ళు దయతలచి తిప్ప కింద కొన్ని పలకలు పీకించి, ఆ చోటు మాకు అప్పగించారు. అందులో దానికి మేతమడి చెయ్యాలి. మృగశిర వెళ్ళేలోపు గుడ్డ చివికి, పురుగూ పుట్రా చేరితే మడి పాసైనట్టు. అప్పుడు పెద్దమ్మి ఇక్కడే ఉంటుంది, మగపక్షినీ తెస్తారు. కాకపోతే మడికి మళ్ళీ మాపుమందు, పెద్దమ్మికి నిల్వ. నిల్వ అంటే చల్లగది. పక్షిని కోసి కణాలుగా గాజుగొట్టాల్లో దాస్తారు.

"అక్కడ అది ఎప్పటికీ చావదు" అంది మేడం, పాపం ఓదార్పుగానే.

"బతకదు గూడా గదమ్మా" అంది మాబున్ని, అంతే మర్యాదగా.

రోజూ రెండు ముక్కలు రాసిపెట్టమని మేడం నాకు పురమాయించింది. రెండు ముక్కల్లో ఆపడం నాకు చేతకాదని ఆమెకింకా తెలీదు.

అశ్విని కార్తె, ఆరో నాడు

గునపం పోటుకి మడి పెంకులా లేస్తోంది. నల్లరేగడే, తడిపి వేళ్ళ మధ్య నలిపితే రిబ్బనులా సాగుతుంది, గుణానికి వంక లేదు. కానీ మీద తెల్లటి పొర. పసుపునీళ్ళలో మన్ను కలిపితే నీళ్ళు పారాణిలా ఎర్రబడ్డాయి. చవుడు. మేడం పంపిన జిప్సం బస్తాలు చల్లి, పలకలు కడిగిన నీళ్ళు మళ్ళించి, నిలవగట్టి, వదిలి, మళ్ళీ నిలవగట్టి... పన్నెండు రోజులుగా ఇదే చాకిరీ. ఇవాళ పసుపునీళ్ళు పసుపుగానే ఉన్నాయి. రుచి కూడా చూశాను, ఉప్పు తగ్గింది. చిన్నప్పుడు మన్ను తిన్నానని మా అమ్మ వాత పెట్టింది. ఇప్పుడు అదే పనికి శాఖవాళ్ళు పూటకో ముద్ద పెడుతున్నారు. కాలం మారిందంటే నమ్మరు మనుషులు.

పెద్దమ్మి తిప్ప అంచున నిలబడి మా పని చూసింది. ఆమెకు నచ్చినట్టు లేదు.

భరణి కార్తె, నాలుగో నాడు

తలపాగా తవ్వాం. చాకలిరేవు నుంచి ఇప్పుడే వచ్చినట్టు ఉంది. అంచున నా చెమటమరక కూడా పోలేదు. నెలరోజులు భూమిలో ఉన్న నూలుగుడ్డని ముట్టుకునే దిక్కు ఒక్కటీ లేదంటే, ఆ నేలను ఏమనాలి?

పక్కనే అంచుదాకా పాతిన రేకుడబ్బా చూశాం. రాత్రిపూట నేలమీద పాకే పురుగేదైనా అందులో పడాలి. దుమ్ము పడింది.

మాబున్ని తలపాగా దులిపి నా నెత్తిన పెట్టింది. జోకు వెయ్యలేదు. అందుకే నాకు భయమేసింది.

భరణి కార్తె, తొమ్మిదో నాడు

ఇది కొంచెం పొడుగు. ఓపిక ఉన్నవాళ్ళే చదవండి.

మా పెళ్ళిలో మా మేనత్త పాలికలు పోసింది. పుట్టమన్ను తెచ్చి మట్టిమూకుళ్ళలో నింపి, నవధాన్యాలు చల్లి, పాలూ నీళ్ళూ చిలకరిస్తారు గదా, అది. మొలక బాగా వస్తే కాపురం పచ్చగా ఉంటుందంటారు. నా పాలికలో మొలక ఏపుగా వచ్చింది, కాపురం రెండేళ్ళు ఉంది. ఆ లెక్కన శాస్త్రం తప్పే. కానీ నాలుగు రోజుల కిందట ముద్ద తింటూ ఉంటే నాకు తట్టింది: మా పెద్దవాళ్ళు చేసింది కాపురానికి పరీక్ష కాదు, మన్నుకి పరీక్ష. అన్ని మన్నులూ వదిలి పుట్టమన్నే ఎందుకు తెమ్మన్నారు? అందులో ప్రాణం ఉంటుంది గనక.

రెండు చిప్పలు తీసుకున్నాను. ఒకదాన్లో మడిమన్ను, ఒకదాన్లో చెదపుట్ట మన్ను. రెండింట్లో శాఖ ఇచ్చిన ఉలవలు చల్లి తడిపాను. మడిమన్నులో ఉలవలు గులకరాళ్ళలా పడున్నాయి. పుట్టమన్నులో మూడోనాటికే తెల్లగా మూతులు తెరిచాయి.

"తోడు" అన్నాను మాబున్నితో. "పాలల్లో తోడేస్తే పెరుగవుతుంది. పుట్టమన్ను మడికి తోడు."

ఆమె పుట్ట దిక్కు చూసింది. "పెద్దమ్మి దాన్నే నమ్ముకోనుండాది అన్నా. తొలకరికి చెదలకి రెక్కలొచ్చి ఉసిళ్ళు లేచేది ఆడనుంచే. ఏడాదికొకసారి కడుపునిండా తినేది అప్పుడే."

"పిడికెడు చాలు మే. కుండెడు పాలకి చుక్క తోడు."

నా చదువంతా పొట్లాల చదువని ముందే చెప్పాల్సింది. శనక్కాయలు, మిరపకాయ బజ్జీలు చుట్టిచ్చిన కాగితాలు విప్పి చదివి ఇంతవాణ్ణయ్యాను. అందుకని లోకంలో ప్రతిదీ నాకు సగం తెలుసు. చెదల మీద కూడా ఒక పొట్లం చదివాను: అవి నేలకు చేసే మేలు గురించీ, పుట్ట లోపలి అరల గురించీ, గాలి ఆడేందుకు అవి కట్టుకునే దారుల గురించీ ఉంది. ఆ దారులు తెగితే అని మొదలైన వాక్యం దగ్గర కాగితం నూనెకి చినిగింది.

మాబున్ని చివరికి గంప తెచ్చింది. పుట్ట మొదట్లో ఇంత పసుపు పెట్టి, కొంగు తలమీదికి లాక్కుని, మన్నించమని తన మాటల్లో ఏదో అడిగింది. వాళ్ళ ఇళ్ళల్లో ఈ ఆచారం ఉందా అన్నాను. "తీసుకుండేటప్పుడు అడిగేదానికి ఇంటి ఆచారం కావల్నా" అంది.

కృత్తిక కార్తె, రెండో నాడు

తోడు తోడుకోలేదు. మళ్ళీ వేశాం.

పెరుగు తోడుకోకపోతే ఎవరైనా ఏం చేస్తారు? ఇంకొంచెం తోడేసి కుండను వెచ్చటిచోట పెడతారు. మేమూ అదే చేశాం. పిడికెడు కాస్తా గంపయింది. గంప మీద గంప. మడి నిండా చల్లి, కలిపి, ఎండుగడ్డి కప్పి, సాయంత్రాలు నీళ్ళు చిలకరించాం. ఉలవలు, జొన్నలు చల్లాం. పుట్టకి ఒక పక్క గుహలా పడింది. పొయ్యి ముందు గూడులాగుందని నేనే నవ్వాను.

కొత్త పరీక్షకి గుడ్డ కావాలి. తలపాగా ఇస్తానన్నాను. నీ తలపాగా నూనె కంపు, పురుగులు పారిపోతాయని మాబున్ని తన ట్రంకుపెట్టె తెరిచింది. తెల్లటి నూలు తాను, మడత విప్పనిది. పోయినప్పుడు తనకు చుట్టడానికని తల్లి ఇచ్చిపోయిన కఫను. నేను వద్దన్నాను. ఆమె వినకుండా జానెడు చించింది. ఆ చప్పుడు నేను మరచిపోను.

"పొడుగు మనిషిని గాను లే అన్నా. సరిపోతాది."

రోహిణి కార్తె, పదో నాడు

రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. ఇప్పుడు రోళ్ళు లేవు గనక మా పెదాలు పగిలాయి. మధ్యాహ్నం పలకల మీది వేడికి గాలి నీళ్ళలా కదులుతుంది.

అయినా మడిలో పచ్చ! ఉలవ పిడికెడెత్తు లేచింది. ముప్పై ఏళ్ళ తరవాత ఈ మైదానంలో మొలిచిన మొదటి ఆకు అది. నేను బోర్లా పడుకుని వాసన చూశాను. వాన పడకుండానే వానవాసన.

గుడ్డ గడువు రాకముందే ఓపిక లేక తవ్వాం. నల్లటి బూజు చుక్కలు, అంచున చిల్లులు. పట్టి లాగితే చేతికి పీలికలొచ్చాయి. మాబున్ని ఆ పీలికల్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. తన కఫను కుళ్ళిందని అంత సంతోషపడిన మనిషిని నేనింకెవరినీ చూడలేదు. రేకుడబ్బాలో రెండు పేడపురుగులు, ఒక గొంగళి. వాటికి పేర్లు పెడదామని నేను, పెద్దమ్మి తినే వాటికి పేర్లెందుకని ఆమె.

ఫోను స్తంభం దగ్గరికెళ్ళి మేడంతో మాట్లాడాం. మగపక్షి కోసం రాసిపంపుతానంది. తొలకరి పడనివ్వండి, పెద్దమ్మి ఉసిళ్ళు తిని బలపడుతుంది, ఈలోపు అతన్ని తెప్పిస్తానంది.

మృగశిర కార్తె, అయిదో నాడు

మృగశిర కురిస్తే ముసలెద్దు రంకె వేస్తుందట. నిన్న కురిసింది. ముసలెద్దును నేనే గనక తిప్ప మీద నిలబడి అరిచాను. నల్ల పలకల మీద వాన పడుతుంటే వెయ్యి డప్పులు.

సాయంత్రానికి వెలిసింది. గాలి ఆగింది, ఉక్క. ఉసిళ్ళు లేవడానికి అంతకన్నా మంచి పూట ఉండదు. పెద్దమ్మి పొద్దువాలకముందే వచ్చి పుట్ట ఎదుట నిలబడింది. మెడ చాచి, ఒంటికాలు ఎత్తి, విస్తరి ముందు కూర్చున్న మనిషిలా. మేం రాళ్ళ వెనక నక్కి కూర్చున్నాం.

చీకటి పడేదాకా నిలబడింది. ఒక్క రెక్క లేవలేదు.

ఇవాళ పొద్దున మాబున్ని పుట్టకి మేం చేసిన బొక్కలో చెయ్యి పెట్టింది. మోచెయ్యి దాకా, తరవాత భుజం దాకా. బయటికి తీస్తే పిడికిట్లో పొడి దుమ్ము. అందులో ఊకలా చెదల పెంకులు, అన్నీ ఎండినవే. రోహిణి ఎండ నేరుగా లోపలి అరల దాకా పోయింది. నూనెకి చినిగిన ఆ వాక్యం మిగతా సగం ఏమిటో నాకిప్పుడు తెలుసు.

మాబున్ని చెయ్యి దులుపుకుంది. "గంప మోసింది నేనే గదా" అంది, నేను ఏదో అనబోతే.

పెద్దమ్మి ఈ సాయంత్రం కూడా వచ్చి నిలబడింది.

మృగశిర కార్తె, పన్నెండో నాడు

పెద్దమ్మి మొదటిసారి మడిలోకి దిగింది. ఇన్నాళ్ళూ నేను కలగన్నది ఇదే. ఉలవాకుల్లో మోకాళ్ళ దాకా మునిగి నడిచింది, అక్కడొక పురుగు, ఇక్కడొక ఆకు. దొరికింది దొరికినట్టు తింది. దొరికింది తక్కువ.

మడి బతికిందన్నది నిజం. కానీ బతకడం వేరు, ఒకరిని బతికించడం వేరు. నిన్నగాక మొన్న పుట్టిన మడి అది. పెద్దమ్మి ఆకలి తీర్చడానికి దానికి ఇంకో రెండు వానాకాలాలు కావాలి. మేమిద్దరం పొద్దుటినుంచి పాకుతూ రాళ్ళు తిరగేసి పురుగులు ఏరి ఆమె దారిలో పోస్తున్నాం. మధ్యాహ్నానికి నా చిప్ప అడుగు కనబడుతూనే ఉంది. పీపా ముద్ద ఉండలు చేసి పెడితే కాలితో పక్కకి నెట్టింది. ఆ విషయంలో ఆమెతో నాకు భేదాభిప్రాయం లేదు.

ఆరుద్ర కార్తె, మొదటి నాడు

మేడం వచ్చింది. గుడ్డ చూసింది, డబ్బాలు చూసింది, మన్ను పిడికిట పట్టి వాసన చూసింది. మడి పాసైంది, మూడు దిక్కుల్లో పాసైన మొదటి మడి ఇదేనంది. తరవాత పెద్దమ్మిని చూసి మాట ఆపేసింది. పెద్దమ్మి ఉలవల మధ్య కూర్చుని ఉంది. ఈ పక్షులు పగలు అలా కూర్చోవు.

మేడం నేలమీద మాకెదురుగా గొంతుక్కూర్చుని ఉన్నమాట చెప్పింది. మడి పాసైతే పక్షి మీద శాఖకి హక్కు లేదు. ఇక్కడే ఉంటుంది, ఎన్నాళ్ళో ఉండదు. మడి తప్పిందని మేం రాసిస్తే ఇవాళే పెట్టెలో తీసుకుపోగలదు. చచ్చాక కణాలు పనికిరావు, బతికుండగానే తీయాలి. కాకపోతే తప్పిన మడికి వారంలో మాపుమందు పడుతుంది. ఆ బండిని ఆపడం ఆమె చేతిలో లేదు.

"మీరిద్దరూ ఏది చెబితే అది రాసుకుంటాను ఓబులేసుగారూ" అంది. ఆమె కళ్ళలోకి చూడలేకపోయాను. ఆమెదేం తప్పు లేదు.

నేను మాబున్ని వైపు చూశాను. ఈ పక్షి వెనక ఆమె నడిచినన్నేళ్ళు నేను నా పెళ్ళాంతో కూడా నడవలేదు.

ఆమె పెద్దమ్మి వైపే చూస్తూ అంది: "పాసయిందని రాసుకో తల్లీ."

"ఆలోచించుకోండమ్మా."

"గాజుగొట్టంలో పెట్టుకున్నా రేపు దాన్ని దించేదానికి నేలంటూ ఒకటి కావల్ల గదా. ఆ నేలనే చంపి దీన్ని దాపెడితే, ఎందుకు దాపెట్టినట్టు?" కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నా బిడ్డ ఆకుల్లో పోనీ."

నేను వేలిముద్ర వేశాను. సంతకం వచ్చినా వెయ్యలేకపోయాను.

ఆరుద్ర కార్తె, ఎనిమిదో నాడు

పొద్దున పెద్దమ్మి లేవలేదు. మెడ ఉలవతీగల మీద చాచి ఉంది. చీమలు అప్పటికే చేరాయి. ఈ మడిలో చీమల్ని చూడటం నాకదే మొదలు.

మడిలోనే పాతిపెట్టాం. ఈసారి ఏది ముందు చివుకుతుందని ఎవరూ అడగలేదు.

పునర్వసు కార్తె, రెండో నాడు

మగపక్షి వచ్చింది.

శాఖలో ఒక గదిలో రాసిన కాగితం ఇంకో గదికి ఆలస్యంగా చేరుతుంది గాని, చేరక మానదు. మడి పాసైంది గనక పడమటి నుంచి పెట్టె బయల్దేరింది. వద్దని మేడం రాసిన ఉత్తరం ఇంకా దారిలోనే ఉందట. పెట్టె తలుపు తెరవగానే బయటికొచ్చి, దులుపుకుని, మమ్మల్ని లెక్కచెయ్యకుండా మడి అంతా కలియతిరిగింది. పెద్దమ్మి కన్నా అరచెయ్యి ఎత్తు. తెల్లటి మెడ, నెత్తిన నల్లటోపీ. పుట్టినప్పటినుంచీ కంచెలో పెరిగింది, కాళ్ళ కింద నిజమైన మన్ను దానికిదే మొదటిసారి. పురుగుని చూసి జంకింది కూడా.

పునర్వసు కార్తె, ఆరో నాడు

తెల్లారకముందే పుట్ట శిథిలం మీదికెక్కుతుంది. గొంతు కింద సంచి నేలకి ఆనేదాకా ఉబ్బించి, తోక వీపు మీదికి విసనకర్రలా విప్పి, పిలుస్తుంది. కుండలోకి ఊదినట్టు లోతైన హుంకారం. క్రోసు దూరం వినబడుతుంది. పిలిచి, తల తిప్పి వింటుంది. మళ్ళీ పిలుస్తుంది. ఎవరూ నేర్పకుండానే ఎలా వచ్చిందో.

ముందు రెండు రోజులు తిని పిలిచింది. ఇప్పుడు పిలవడమే గాని తినడం లేదు. ఇది శాఖ కంచెలోని పక్షి, తినడం మానితే నిల్వకి తీసుకుపోయే పెట్టె వస్తుందని మాకు తెలుసు. నిన్న మాబున్ని దూరం నుంచే దానికి నచ్చజెప్పింది. "లేదు నాయనా, లేదు. పురుగు తిను" అని. అది ఇంకోసారి పిలిచింది.

ఇవాళ తెల్లవారగట్ల కళ్ళు తెరిస్తే మాబున్ని పడక ఖాళీ. బయటికొస్తే మడిలో ఏదో నడుస్తోంది. గోధుమరంగు కంబళి నెత్తినుంచి కప్పుకుని, నడుం సగానికి వంచి, ఒక పాదం నెమ్మదిగా ఎత్తి, ఆపి, ఆలోచించి, దించి. మరో పాదం ఎత్తి, ఆపి, దించి. అచ్చం పెద్దమ్మి నడకే.

మగపక్షి పిలుపు మధ్యలో ఆపేసింది. తోక దించింది. చాలాసేపు చూసింది. తరవాత తిప్ప దిగి, దూరం దూరంగా, ఆమె వెనకే మడిలోకి వచ్చి, తల వంచి, ఉలవల్లోంచి దేన్నో పొడిచి మింగింది. మళ్ళీ పొడిచింది.

ఎండ ఎక్కింది. ఆమె నడుం ఎత్తితే అది చూస్తుంది, అందుకని ఎత్తడం లేదు. కంబళి కిందనుంచి సన్నగా తిట్లు వినబడుతున్నాయి, అన్నీ నాకే. రేపు నా వంతట. ఎడమకాలు ముందా, కుడికాలు ముందా అని ఇక్కడ కూర్చుని చూసి నేర్చుకుంటున్నాను.